విస్తరితో లేచిన మనిషి

నిరుడు ఎల్బీనగర్ చౌరస్తాలో జరిగిన వంటావార్పు మీద మన్సూరాబాద్ కాలనీవాళ్లు ఒక సంచిక వేస్తున్నారు. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండుకుని, అక్కడే పంక్తిలో కూర్చుని తిన్న రోజది. నిజంగా జరిగిందే రాయాలని షరతు. శ్రీకళ తన తండ్రి గురించి రాసింది. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో పనిచేసిన అంతయ్య ఆ పొద్దంతా కూరగాయలు తరిగాడు. ఇప్పుడాయన లేడు, పోయి ఆర్నెల్లయింది. పంక్తిలో నిలబడి ఆయన నినాదమిస్తే అందరూ గొంతు కలిపారని రాసింది.

అచ్చుపని చూస్తున్న గజేందర్ చదివి తల గోక్కున్నాడు.

"నినాదం యాడిదక్కా? అంతయ్య కాక గొంతు పక్కోనికే ఇనరాకపోయేది. పోలీసు జీపు రాంగనే ఇస్తరాకు పట్టుకొని లేచిపోయిండు. వడ్డించింది నేనే గద!"

"భయపడ్డడా?"

"నాకేం ఎరుక? మందయితే నవ్విన్రు. నినాదం ఉంచుదామంటే ఉంచుత. సంచికకు మంచిగనే ఉంటది."

ఆ నవ్వు శ్రీకళకు గుచ్చుకుంది. విస్తరితో ఎక్కడికి పోయి ఉంటాడు? ఇంటికేనేమో. ఆ రోజు ఇంట్లో తామెవరూ లేరు. ఉన్నది మేడమీద కిరాయికుండే సూర్యప్రభ ఒక్కతే. భీమవరం మనిషి. శ్రీకళ మేడెక్కి ఆమెనే అడిగింది.

"వచ్చారమ్మా," అందామె. "నాకు జ్వరం. బంద్ కదా, పాలు కూడా దొరకలేదు. టీవీ నిండా గొడవలే. మా వైపు వాళ్లనేమైనా అంటారేమోనని గడియ పెట్టుకున్నాను. మీ నాన్నగారు తలుపు కొట్టి, విస్తరి గడపలో పెట్టి, 'జర తినుండ్రి, పప్పుల ఉప్పు తక్కువయింది' అన్నారు. దుమ్ము పడకుండా మీద ఇంకో విస్తరి కప్పి తెచ్చారు."

"జీపుకు భయపడి వచ్చిండా, మీ కోసమే వచ్చిండా ఆంటీ?"

"ఆయన చెప్పలేదు, నేనడగలేదు. రెండూ అయ్యుండొచ్చు. నేను మాత్రం కడుపునిండా తిన్నాను."

శ్రీకళ నినాదం ఉన్న వాక్యం కొట్టేసింది. దాని కింద నెమ్మదిగా రాసింది: 'జీపు రాగానే మా నాన్న లేచిపోయాడు. భయపడ్డాడేమో, నాకు తెలియదు. కానీ పారిపోయే మనిషి పైన కప్పడానికి రెండో విస్తరి కూడా తీసుకుంటాడా? మేడమీద జ్వరంతో ఉన్న ఆంటీకి ఇవ్వాలని ముందే అనుకుని లేచాడేమోనని నా ఊహ.'

గజేందర్ చదివాడు. "భయం మాట తీసెయ్‌రాదక్కా. మల్ల నవ్వుతరు."

"నవ్వనీ తమ్మీ. అది తీస్తే తక్కినదెవరు నమ్ముతరు?"