మాటలకి ఫీజు

ఫిబ్రవరి వచ్చిందంటే జగ్గయ్యపేట చుట్టుపక్కల ఎక్కడ చూసినా మిరపకాయలు ఆరుతుంటాయి. తెల్లారేసరికి ఆడవాళ్లు కల్లాల్లోకి దిగి, పట్టాల మీద కాయని తిరగదోసి రంగు పోయిన తాలుకాయ ఏరతారు. జయమణి చిన్నప్పటి నుంచీ ఆ పనే చేసింది. తమ్ముడు ఫ్రాన్సిస్‌ని లారీల మేస్త్రీ కొట్టి చంపిన దగ్గర్నుంచి మాత్రం ఆమెని ఎవరూ పనికి పిలవడం లేదు. ఆ రోజు నుంచి ఆమె ఒంటి మీద చీర ఆరడం మానేసింది.

ఏ చీరైనా అంతే. కట్టిన కాసేపటికి తడిసి బరువెక్కేది. ఆమె ఉండే పేటలో వాళ్లు తమకు తెలిసిన వైద్యం చేశారు. మే నెల ఎండలో ఆమెని పట్టా మీద కూర్చోబెట్టి, కాయని తిరగేసినట్టే ఇటోసారి అటోసారి తిప్పారు. వడదెబ్బ తగిలింది గానీ చీర ఆరలేదు.

"నీకన్నా కాయ నయమే, చెప్పినట్టు ఎండుద్ది," అంది పక్కింటి రత్నమణి.

కల్లం యజమాని సాంబయ్య చెడ్డవాడు కాదు. కోపం కాదమ్మాయ్, నువ్వు అడుగుపెడితే కాయకి బూజు పడుద్ది అని చెప్పి పంపేశాడు.

ఫ్రాన్సిస్, ముక్త్యాల వైపు లారీలు తిప్పే దశరథరామయ్య దగ్గర క్లీనరు. సెలవు అడిగితే మాటామాటా పెరిగి ఆయన మేస్త్రీ ఇనపరాడ్డుతో కొట్టాడు. మేస్త్రీ జైలుకెళ్లాడు. దశరథరామయ్య మీద పరిహారం దావా నందిగామ కోర్టుకొచ్చింది. జయమణి తరఫు లాయరు మైథిలి ఆమెని ప్రసూనాంబ దగ్గరికి పంపింది. కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైన ప్రసూనాంబ, నందిగామలో తన ముందుగదిలో మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించేది, ఫీజు తీసుకునేది. పేటలో నవ్వారు. పాస్టరు గారు ఊరికే వింటారు గదా అన్నారు. పాస్టరు గారు వినేవారు కాదు, ప్రార్థన చేసేవారు. అది వేరే పని.

మొదటి గురువారం జయమణి చెప్పుకుని లేచేసరికి కుచ్చిళ్ల అంచు జానెడు మేర ఆరింది. ప్రసూనాంబ నేతచీర అంతమేరా తడిసింది. ఆవిడ గుమ్మం బయటికెళ్లి అంచు పిండుకుని వచ్చి, మళ్లీ గురువారం రమ్మంది. అలా కొన్నాళ్లకి మోకాళ్ల దాకా ఆరింది. ఈలోగా చేతిలో ఉన్నది అయిపోయింది. ఆ ఫీజు కోర్టు ఇప్పించకపోతే గురువారాలు ఆగిపోతాయి, వచ్చే పంటకీ కల్లంలోకి రానివ్వరు.

దశరథరామయ్య కోర్టులో మర్యాదగానే మాట్లాడాడు.

"చావుకి ఇస్తానండి. వాడు నాకు తమ్ముడి లాంటోడు, నేనూ ఏడ్చా. మాటలకి మాత్రం ఇవ్వను."

ఆయన లాయరు ఉమాకాంతం ప్రసూనాంబని బోనెక్కించి, ఇంజెక్షన్ చేశారా, మాత్రలిచ్చారా అని అడిగాడు. లేదందావిడ.

"మరేం చేశారు?"

"విన్నా."

"విన్నందుకు ఫీజా అండీ?"

"మాట్లాడినందుకు మీరు తీసుకోవడం లేదూ?"

హాల్లో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. ఆమె ఏం చెబుతుందో నన్నూ విననివ్వండి అని జయమణిని పిలిపించారు.

"చొక్కా చూసి గుర్తుపట్టమన్నారండి, మొహం చూపించలా," అంది జయమణి. "ముందురోజు గుండీ ఊడితే నేనే కుట్టా. తెల్లదారం అయిపోయింది, నల్లదారంతో కుట్టా. ఇదేసుకుని ఎట్టా పోవాలక్కా అన్నాడు. రేపు మారుస్తాలే అన్నా. ఆ నల్లదారం చూసి, వీడేనండి అన్నా."

బంట్రోతు చొక్కా చేతులు తడిశాయి. మైథిలి కోటు అంచున నీళ్లు నిలిచాయి. ఉమాకాంతం మెడపట్టీ విప్పి పిండుకున్నాడు. జడ్జిగారు రాస్తున్న కాగితం మీద గౌను నుంచి చుక్క పడి సిరా అలుక్కుంది. ఆయన కాగితం మార్చుకుని, తలెత్తి హాలంతా ఒకసారి చూశారు.

మొదటి బెంచీలో దశరథరామయ్య కూర్చుని ఉన్నాడు. ఖద్దరు చొక్కా ఇస్త్రీ మడత కూడా నలగలేదు.

"తమ్ముడి లాంటివాడన్నారు," అన్నారు జడ్జిగారు.

"అవునండి."

"ఏడ్చానన్నారు."

దశరథరామయ్య చుట్టూ ఉన్నవాళ్లని చూశాడు. తర్వాత చొక్కా మీద, భుజాల దగ్గర, జేబు దగ్గర చేత్తో తడుముకున్నాడు. ఎక్కడా తడి తగల్లేదు. చెయ్యి దించేసుకున్నాడు.

తీర్పులో ఈ సంగతేమీ లేదు. ఇక చాలని ప్రసూనాంబ చెప్పేవరకూ ఫీజు, బస్సు చార్జీలతో సహా, ఆయనే కట్టాలని మాత్రం ఉంది.

ఇంకా ఎన్నాళ్లు పడుద్దే అని రత్నమణి అడిగితే, నడుం దగ్గర మాత్రం ఇంకా తడే వదినా అని చెప్పి జయమణి గురువారం నందిగామ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఊరు దాటగానే ఆమె పమిట గాలికి లేచి పక్కావిడ మొహాన కొట్టుకుంది.

"కాస్త పట్టుకోమ్మా," అని ఆవిడ విసుక్కుంది.

జయమణి రెండు ఊళ్లు దాటేదాకా పట్టుకోలేదు.