గ్యాలరీలోకి ఐసు సంచి

శనివారం పొద్దున వెరోనా హుడాక్ బంగాళదుంప కూరి, కజ్జికాయల్లాంటి పిరోగీలు వేయించి పెట్టి, కొడుకు చొక్కా మీది నంబరే ఉన్న స్వెటరు వేసుకునేది. దాని కింద పక్కటెముకలకి గుడ్డ బిగించి చుట్టుకునేది. అప్పుడు కాలేజీ మైదానానికి బయల్దేరేది. ఆ శరదృతువంతా మా ఉక్కుమిల్లు ఊళ్ళో ఇదే వరస.

ఆమె కొడుకు ఎమిల్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి చంకన పెట్టుకుని పరిగెత్తేవాడు. అవతలి జట్టువాళ్ళు నలుగురు మీదపడి కూల్చినా, మట్టి దులుపుకుని లేచేవాడు. దెబ్బ మాత్రం గ్యాలరీలో కూర్చున్న వెరోనాకి తగిలేది. ఆమె పుట్టింటి ఆడవాళ్ళందరికీ అంతే. కొడుకులు బొగ్గుగనిలో దిగిన రోజుల్లో వాళ్ళమ్మ వంటింట్లో నిలబడి దగ్గేది. చిన్నప్పుడు ఎమిల్ చెట్టు మీంచి పడితే చెయ్యి విరిగింది వెరోనాకే. ఇంట్లో కూర్చున్నా తగలక మానదు కాబట్టి, కనీసం ఆటైనా చూడొచ్చని మైదానానికే వచ్చేది.

అందుకే ఎమిల్ కింద పడగానే, జట్టు బాగోగులు చూసే గస్ పెట్రీ ఐసు సంచి పట్టుకుని మైదానంలోకి కాక, మెట్లెక్కి గ్యాలరీలోకి పరిగెత్తేవాడు. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చేవాళ్ళు.

"ఈసారి ఎక్కడమ్మా?"

"ఎడమ భుజం. మెల్లిగా ఎక్కవయ్యా, ముసలాడివి. నువ్వు పడితే ఆ దెబ్బకి నేను పూచీ కాదు."

నొప్పి ఎరగనివాడికి భయమేముంటుంది? ఎమిల్ పొట్టేలులా తల వంచి దూసుకుపోయేవాడు. జట్టు ఒక్క ఆటా ఓడలేదు. మూతపడ్డ మిల్లు గోడ మీద కూడా ఎవరో జట్టు పేరు రంగుతో రాశారు. మంగలి దుకాణంలో, చర్చి మెట్ల మీద, అందరి నోటా ఎమిల్ మాటే. ఆదివారం వెరోనా చెంప నల్లగా కమిలి కనిపిస్తే, "నిన్న మీవాడు బాగా ఆడాడు" అని మెచ్చుకునేవాళ్ళం. గెలుపు రుచి మరిగిన ఊరికి జాలి ఎక్కడినుంచి వస్తుంది?

చివరి ఆట ఒక్కటే మిగిలిందనగా వెరోనా తలకి తగిలింది. గస్ ఆమె కళ్ళలోకి టార్చి వేసి అడిగాడు.

"ఇవాళ ఏ వారం?"

"శనివారం."

"మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు?"

"నాలుగో తరగతి," అంది వెరోనా. "లెక్కల్లోనే కాస్త వెనకబడ్డాడు."

సాయంత్రానికి ఆమె తేరుకుంది. కానీ గస్ ఎమిల్‌ని పక్కకి పిలిచి, "తలకి ఇంకొక్క దెబ్బ తగిలిందంటే, మీ అమ్మ నిన్ను చూసి నువ్వెవరని అడుగుతుందిరా," అన్నాడు.

ఎమిల్ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నేనింక ఆడనమ్మా."

"నోర్ముయ్. జీతాలిచ్చి ఆడించుకునే పెద్ద జట్లవాళ్ళు నిన్ను చూసి తీసుకుపోడానికే వస్తున్నారు. నేను తిన్న దెబ్బలన్నీ బూడిదలో పోసిన పన్నీరు చేస్తావా?"

"నా ఒంటి మీద ఒక్క గీత లేదమ్మా. అద్దంలో చూసుకోవాలంటే సిగ్గేస్తోంది."

"సిగ్గుంటే చూసుకుని పరిగెత్తు," అంది, పిండి పిసుకుతూనే.

చదువు ముగిసే ఏడాది, ఆఖరి ఆటకి ముందు, కుర్రాళ్ళు అమ్మానాన్నలతో మైదానం మధ్యకి నడిచి వెళ్ళి తల్లి స్వెటరుకి చామంతి పువ్వు గుచ్చడం మా ఆనవాయితీ. ఎమిల్ పువ్వు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ గుచ్చబోయినా ఆమె పళ్ళు బిగబట్టింది. చివరికి పువ్వు ఆమె చేతిలోనే పెట్టాడు.

ఆట ఆఖరి నిమిషానికి మావాళ్ళు నాలుగు పాయింట్లతో ముందున్నారు. ఎమిల్ ఇంకొక్కసారి గోల్ గీత దాటితే కాలేజీలో అంతకుముందెవరూ అందుకోని రికార్డు అతనిది. బంతి అందుకుని ఇద్దరిని తప్పించుకున్నాడు. గీత ముందు ఇక ఒక్కడే మిగిలాడు. కొండలాంటివాడు, తల వంచి ఎదురొస్తున్నాడు. ఎమిల్ అలాంటివాళ్ళని ఎప్పుడూ తలతోనే ఢీకొట్టేవాడు.

ఊరంతా లేచి నిలబడి "పో, పో!" అని అరిచింది. వెరోనా ముందున్న ఇనుప కడ్డీ రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

గీతకి గజం దూరంలో ఎమిల్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

బంతి పట్టుకున్నవాడి మోకాలు నేలకి ఆనాక ఎవరూ మీద పడకూడదని ఆట నియమం. ఎదురొచ్చినవాడు పక్కకి తప్పుకున్నాడు. బంతి మావాళ్ళ దగ్గరే ఉంది, గడియారాన్ని ఆపే దారి అవతలివాళ్ళకి లేదు. గెలిచాం. ఏడాదంతా ఒక్క ఓటమి లేదు. పెద్ద జట్లవాళ్ళు మాత్రం పెన్నులు జేబుల్లో పెట్టుకున్నారు.

"ఒక్క గజం! ఒక్క గజమేరా!" అని కోచ్ నెత్తి పట్టుకున్నాడు.

"గెలిచాం కదా కోచ్," అంటూ లేవబోయిన ఎమిల్ "అబ్బా!" అని మళ్ళీ కూర్చుండిపోయాడు. గడ్డకట్టిన నేలకి మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది. అమ్మకి తగలకూడదని కోరి తెచ్చుకున్న దెబ్బ, మొదటిసారి తనకే తగిలింది. ఆ నెత్తుటిని వేలితో తాకి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

గస్ అలవాటు కొద్దీ ఐసు సంచితో రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఎక్కడమ్మా?"

వెరోనా కళ్ళు తెరిచి తల తడుముకుంది. భుజాలు తడుముకుంది. వంగి మోకాళ్ళు చూసుకుంది. కొత్త దెబ్బ ఎక్కడా లేదు. అప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది.

"ఇక్కడ కాదు గస్," అంది, చామంతి పువ్వుతో మైదానం వైపు చూపిస్తూ. "అడుగో, వాడికి."