ప్రభకిచ్చిన కరెంటు

మొక్కుకున్న సంగతి నోటితో చెబితే మొక్కు చెల్లదనీ, ఇచ్చింది చెప్పుకుంటే పుణ్యం ఆవిరైపోతుందనీ వీరరాఘవమ్మ అత్తగారు అంటుండేది. ఆ మాట పదిహేడేళ్ళుగా వీరరాఘవమ్మ లోపల మెత్తగా గుచ్చుతూనే ఉంది. చెప్పగానే పోయేది పుణ్యమెట్లా అవుతుంది? పొద్దున దీపం పెట్టినప్పుడల్లా అడిగేది. దీపం తల ఊపేది. అవుననో కాదనో తెలిసేది కాదు.

ఆమెకొక చిన్న బాకీ ఉంది. భర్త చెన్నకేశవరావు పాము కరిచి పడున్న రోజున, కోటప్పకొండ మెట్లెక్కి స్వామి ఎదుట ఒక్క ప్రమిద వెలిగిస్తానని మనసులో మొక్కుకుంది. ఆయన లేచి తిరిగాడు. ఆమె మాత్రం కొండెక్కలేదు. శివరాత్రికి కొండకు ఊరేగించే ఊరి ప్రభ, ఆ ఎత్తైన వెదురు కట్టడం, తయారయ్యేది వాళ్ళ దొడ్లోనే. పండగనాడు నలభై మందికి వండి, మొగాళ్ళు కొండకు బయల్దేరాక అంట్ల ముందు కూర్చునేది. మిగతా రోజుల్లో వెళ్ళాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే మొక్కు పోతుందాయె.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళిన నెలకు చెన్నకేశవరావు గుండె పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. స్టెంటు వెయ్యాలన్నారు నరసరావుపేట డాక్టరు. గుంటూరు ఆసుపత్రిలో తెల్లకార్డు మీద ఉచితంగా వేస్తారు. లేకుంటే రెండు లక్షలు. తీరా చూస్తే కార్డు పనిచెయ్యడం లేదు.

ఊళ్ళో సచివాలయంలో స్వాతి కంప్యూటరు వంక చూసి నొసలు ముడేసింది.

"పిన్నీ, మీ ఇంటి కరెంటు ఆరు నెలల సగటున నెలకు మూడొందల యూనిట్లు దాటిందంట. అందుకని తీసేశారు. ఏసీలేమన్నా పెట్టించారా?"

"ఏసీనా? మాకున్న ఒక్క ఫ్యానుకీ రెక్క వంకరేనమ్మా."

అంటూ అంటూనే ఆగిపోయింది. పట్టపగలు సచివాలయం గోడ మీద ఆమెకు ప్రభ కనిపించింది. తాటిచెట్టును మించిన వెదురు ప్రభ, దాని నిండా బల్బులు. నీలంగా గంగ పారుతోంది, పచ్చగా నెమలి పురి విప్పుతోంది. కింద వాళ్ళింటి మీటరులో ఎర్రచుక్క గబగబా కొట్టుకుంటోంది. కొండ దారిలో ప్రభకు జనరేటరు ఉంటుంది. కానీ అంతకుముందు మూడు నెలలు బల్బులు బిగించి వెలిగించి చూసేదంతా ఇంటి కరెంటుతోనే. ఆ బిల్లు చెన్నకేశవరావే చప్పుడు చెయ్యకుండా కట్టేవాడు.

"లైన్‌మన్ వచ్చి చూసి, ఇది ఇంటి వాడకం కాదని రాసిస్తే కార్డు మళ్ళీ పెట్టొచ్చు పిన్నీ," అంది స్వాతి.

ఇంటికొచ్చి చెబితే చెన్నకేశవరావు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

"శివుడికిచ్చింది శివుడిదే. ఇచ్చి మళ్ళీ చెప్పుకుంటామా? ఊళ్ళో నవ్వుతారు."

"ఊపిరి ఆడక నువ్వు పోతే నవ్వరా?"

"ఏమే, నోరు పెరిగింది నీకు."

"పెరగనీయ్. నువ్వు చెప్పబాకు. నేను చెబుతా."

సాయంత్రం లైన్‌మన్ అబ్దుల్ రహీమ్ వచ్చాడు. మీటరు చూశాడు, దొడ్లో పాకకు ఇంకా వేలాడుతున్న వైర్లు చూశాడు.

"ఏం రాయమంటావు వదినా? కరెంటు దేవుడు వాడుకున్నాడని రాయనా? ఆయన మీద కేసు పెడతారు!"

"ఆయన మీద వద్దులే అబ్బాయ్, మా మీదే రాయి. ప్రభకి మేమే ఇచ్చామని రాయి."

"ఇంటి మీటరు వేరే పనికి వాడినందుకు జరిమానా పడుద్ది."

"పడనీ. మనిషి దక్కుతాడు."

రహీమ్ నవ్వడం మానేసి, బల్బులెన్నో లెక్కగట్టి శ్రద్ధగా రాశాడు.

తర్వాత పదకొండు రోజులు ఎదురుచూపులే. ఆయన్ని చేర్చిన గుంటూరు ఆసుపత్రిలో బల్ల మీద ఒక మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. కలలో భర్త గుండె చిన్న ప్రభలా చీకటి చేల మీదుగా తేలిపోతోంది. ఒక్కొక్క బల్బే ఆరుతోంది. ఎడ్లు లేవు, మనుషులు లేరు. వెనక నడుస్తూ, "ఇచ్చాను స్వామీ, ఇచ్చానని చెప్పాను కూడా. కోపమొచ్చిందా?" అని అడిగింది. ఎదురుగా కొండ ఆవు పడుకున్నట్టు పడుకుని నెమ్మదిగా ఊపిరి తీస్తోంది.

మెలకువ వచ్చేసరికి స్వాతి ఫోను. "పిన్నీ, కార్డు వచ్చేసింది!"

మర్నాడే స్టెంటు వేశారు.

కార్తీకంలో ఇద్దరూ బస్సెక్కి కోటప్పకొండ వెళ్ళారు. ఆయన్ని మెట్ల దగ్గర అరుగు మీద కూర్చోబెట్టి, ఆమె సంచిలోంచి ప్రమిద తీసింది.

"ఇప్పుడీ ప్రమిద ఏందే?"

ఆమె ప్రమిదను కొంగుతో తుడిచింది. "నిన్ను పాము కరిచినప్పటిది. ఎక్కి వెలిగిస్తానని మొక్కుకున్నా."

"పదిహేడేళ్ళా! ఒక్కసారీ చెప్పలేదేం?"

"మీ అమ్మే చెప్పొద్దంది."

ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. "పో మరి. నిదానంగా ఎక్కు. ఇక్కడే ఉంటా."

మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. పైన గాలి జోరుగా ఉంది. నూనె పోసి, వత్తి సర్ది, ఒళ్ళంతా అడ్డం పెట్టి కూర్చుంది. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది. రెండోదీ ఆరిపోయింది. మూడో పుల్లకు అంటుకుంది.