వాహనములు వెల్లరాదు

పొద్దు పొడవకముందే బయల్దేరాలని పట్టుబట్టింది తోడల్లుడే. కొండమీదికి వెళ్ళేవాళ్ళు సూర్యుడికంటే ముందు లేవాలట. తీరా పొద్దు పొడిచింది, బారెడు ఎక్కింది, వీధిలో బళ్ళ రొద మొదలైంది, పాలవాడు ఖాళీ డబ్బాలతో వెనక్కి వెళ్ళిపోయాడు. తోడల్లుడి కారు జాడ మాత్రం లేదు. మెట్ల కింద రెండు సంచులు, ఒక దుప్పటి మూట, మంచినీళ్ళ సీసాలు. మూట మీద కూర్చుని నిద్రతో తూగుతున్న ఐదేళ్ళ బుజ్జిగాడు, వాడిని పట్టుకుని వాళ్ళమ్మ. వాళ్ళిద్దరికీ కాస్త ఎడంగా, మొహం గంటు పెట్టుకుని అతను.

పాఠ్యపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం అతని ఉద్యోగం. ఉద్యోగం అక్కడ వదిలేసి ఇంటికొచ్చే రకం కాదు. పెళ్ళి కార్డు చేతికిస్తే పెళ్ళెప్పుడో చూడడు, ఒత్తులు సరిగ్గా పడ్డాయా లేదా అని చూస్తాడు. మందుల షాపు బోర్డు, బస్సు వెనక రాత, పిల్లాడి బిస్కెట్ పొట్లం, దేన్నీ వదలడు. తప్పు దొరికితే పైకి చదివి మరీ నవ్వుతాడు. అత్తవారింట్లో అతనికి 'దిద్దుబాటు' అని పేరు పెట్టారు. ఆ సంగతి అతనికి తెలుసు. అంతకన్నా మంచి పేరు పెట్టే తెలివి ఆ ఇంట్లో ఎవరికీ లేదని కూడా తెలుసు.

చివరికి వీధి మలుపు నుంచే హారన్ మోగించుకుంటూ కారు వచ్చింది. కొత్త కారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు, కొత్తదని నలుగురికీ తెలియాలిగా. స్టీరింగు వెనక నల్ల కళ్ళజోడు, సెంటు కొట్టిన షర్టు, పళ్ళన్నీ కనిపించే నవ్వు. నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీలో మేనేజరు కాబట్టి ఇంట్లో కూడా అందరూ అతన్ని మేనేజరు అనే అంటారు. కట్టుకున్న భార్య కూడా.

"ఆలస్యం అమృతం అన్నారు తమ్ముడూ పెద్దలు! ఎక్కండి ఎక్కండి!"

"ఆలస్యం అమృతం విషం అన్నారు," అన్నాడు అతను. "సగం మింగేస్తే ఎలా అన్నయ్యా?"

"అమృతం దొరికాక విషం మనకెందుకయ్యా!" అని మేనేజరు పగలబడి నవ్వాడు. వెనక సీట్లో వదిన నవ్వింది. ఏడేళ్ళ చిట్టి, ఏమీ అర్థం కాకపోయినా, తండ్రి నవ్వాడు కాబట్టి నవ్వింది. సంచి ఎత్తుతున్న తన భార్య కూడా పెదవి కొరుక్కుని మరీ నవ్వడం అతను చూశాడు.

ముందు సీటు అతనికిచ్చారు. అక్కచెల్లెళ్ళిద్దరూ పిల్లలతో వెనక సర్దుకున్నారు. అతనికి కారు నడపడం రాదు, నేర్చుకోవాలన్న ఆలోచనా ఎప్పుడూ రాలేదు. ఒకడి కారులో ఎక్కి, వాడు కొనిపెట్టిన బ్రెడ్డు తింటూ, వాడినే లోలోపల తిట్టుకోవడంలో ఒక సుఖముంది. దానికి అతను బాగా అలవాటు పడ్డాడు. మేనేజరు గేరు మార్చినప్పుడల్లా మోచెయ్యి ఎలా ఎత్తుతున్నాడో, అద్దంలో తన జుట్టు తనే ఎలా చూసుకుంటున్నాడో, లారీవాడు దారి ఇస్తే దొరలా ఎలా చెయ్యి ఊపుతున్నాడో, అన్నీ మనసులో గుర్తు పెట్టుకుంటూ కూర్చున్నాడు.

ఊరు దాటాక మేనేజరు కోతలు మొదలుపెట్టాడు. ఒకసారి ఈ కొండదారిలోనే ఎలుగుబంటి ఒకటి రోడ్డు మధ్య నిలబడి లిఫ్టు అడిగిందట.

"ఎక్కించుకున్నావా పెదనాన్నా?" బుజ్జిగాడు సీట్ల మధ్యనుంచి మెడ చాచాడు.

"ఎక్కించుకోక! పాపం, వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళాలంట. కాకపోతే బెల్టు చాల్లేదు. పొట్ట పెద్దది కదా."

పిల్లలిద్దరూ కేరింతలు. బుజ్జిగాడు తండ్రి దగ్గర అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! 'ఎలుగుబంటికి అమ్మమ్మ' అనుకున్నాడు అతను. అబద్ధమాడేవాళ్ళలో కూడా పనిమంతులుంటారు. ఇతను అబద్ధాన్ని కూడా చవగ్గానే అమ్ముతాడు.

దూరంగా కొండలు కనిపించాయి, లేత నీలంగా, ఒకదాని వెనక ఒకటి.

"అందుకే అన్నారు, దూరపు కొండలు నునుపు అని," అన్నాడు మేనేజరు. "అంటే ఏంటంటే పిల్లలూ, ఎంత దూరం పోతే రోడ్డు అంత నున్నగా ఉంటుందన్నమాట."

అతను నోరు తెరిచాడు. వెనకనుంచి భార్య చెయ్యి వచ్చి భుజం మీద గట్టిగా నొక్కింది. నోరు మూసుకున్నాడు.

కొండ మొదట్లో దారి రెండుగా చీలింది. బళ్ళన్నీ కుడివైపు పెద్ద రోడ్డు మీద బారులు తీరి నెమ్మదిగా ఎక్కుతున్నాయి. ఎడమవైపు పాత రోడ్డు, ఖాళీగా ఉంది. మేనేజరు ఎడమకి ఇండికేటరు వేశాడు.

"అటెందుకు బావా? అందరూ ఇటు పోతున్నారుగా," అంది భార్య.

"అందరూ పోయే దారిలో మనమెందుకమ్మాయ్? ఇరవైసార్లు వచ్చాను ఈ రోడ్డు మీద. కళ్ళకి గంతలు కట్టినా పోతాను." అంటూ, ఎలుగుబంటి ఎక్కడ దిగిందో చెప్పమని గోల చేస్తున్న పిల్లలవైపు తల తిప్పాడు.

సరిగ్గా అప్పుడే అతనికి బోర్డు కనిపించింది. పాత రోడ్డు అంచున, ముళ్ళపొదలోకి ఒరిగిపోయిన పసుపుపచ్చ రేకు. 'ముందు దారి ముసివేయబడినది. వాహనములు వెల్లరాదు.'

రెండు ముక్కలు. రెండింట్లోనూ తప్పు. ముకి దీర్ఘం లేదు, ళకి బదులు ల. అతనికి ఆపుకోలేని నవ్వొచ్చింది, ముక్కుతో ఫుక్కుమని నవ్వాడు. నవ్వు అయ్యేసరికి బోర్డు వెనకబడిపోయింది.

చెబుదామనే అనుకున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పక్కన నల్ల కళ్ళజోడు, ఆ ఎత్తిన మోచెయ్యి... ఇరవైసార్లు వచ్చినవాడికి బోర్డులు చదివి చెప్పడానికి మనమెంతవాళ్ళం? ఒకే ఒక్కసారి వచ్చాడని, అదీ కంపెనీ బస్సులో గుర్రుపెట్టి నిద్రపోతూ వచ్చాడని వదినే ఒకసారి నోరు జారింది. పోనీ. రెండు మలుపులు తిరిగాక ఏ అడ్డుకర్రలో కనిపిస్తాయి, తోక ముడిచి వెనక్కి తిప్పుతాడు. పిల్లల ముందు ఆ మొహం ఎలా ఉంటుందో చూడాలి. అతను కాళ్ళు చాపుకుని, చేతులు కట్టుకుని, ఆ ముచ్చట కోసం హాయిగా ఎదురుచూడసాగాడు.

అడ్డుకర్రలు రాలేదు. రోడ్డు సన్నబడింది. ఒకవైపు రాతిగోడలా కొండ, ఇంకోవైపు పిట్టగోడ కూడా లేని లోయ. మలుపు మీద మలుపు. పైనుంచి మంచు దిగి అద్దాలకి అతుక్కుంది.

"పెదనాన్నా, కడుపులో తిప్పుతోంది," అన్నాడు బుజ్జిగాడు నీరసంగా.

"అదంతా మనసులో ఉంటుందిరా నాన్నా. కొండ వైపు చూడు, పోతుంది."

"బావా, కాస్త ఆపు, వాడి మొహం పాలిపోయింది."

"మలుపులో ఆపకూడదమ్మాయ్, ప్రమాదం!"

బుజ్జిగాడు మనసులో ఉన్నదంతా బయటికి కక్కేశాడు. వాళ్ళమ్మ ఒడి, ప్లాస్టిక్ కవరు, చిట్టి బొమ్మ, ఏదీ మిగల్లేదు. చిట్టి కీచుమంది. వదిన గుడ్డ కోసం వెతుకుతోంది. మేనేజరు వెనక్కి తిరిగి "కవర్లు తీయకపోవడమే మంచిదైంది చూశావా!" అంటున్నాడు. అప్పుడు అతను అరిచాడు.

"అన్నయ్యా, ఆపు!"

కారు కుదుపుతో ఆగింది. ముందు రోడ్డు లేదు. కొండ చరియ విరిగి, ఇంటి గోడలంతేసి రాళ్ళు, వేళ్ళతో సహా పెకిలిన చెట్టు అడ్డంగా పడి ఉన్నాయి. వాటి పక్కన రోడ్డు సగం కొరికేసినట్టు లోయలోకి జారిపోయింది. ముందు చక్రానికీ ఆ కొరుకుడుకీ మధ్య మూరెడు నేల కూడా లేదు.

మేనేజరు కళ్ళజోడు తీశాడు. దాని వెనక చిన్న కళ్ళు, బెదిరిన కోడిపిల్ల కళ్ళు. అతను ఎదురుచూసిన మొహం అదే. చూసి ఆనందించడానికి తీరికే లేకపోయింది.

అందరూ ఒక్కొక్కరే కొండవైపు తలుపులోంచి దిగారు. భార్య బుజ్జిగాణ్ణి గోడవారకి తీసుకెళ్ళి సీసాతో మొహం కడుగుతోంది. "ఇంత దారి మూసేసి ఒక్క బోర్డు కూడా పెట్టరా, చచ్చినోళ్ళు," అంది తనలో తను.

"ఉందిగా అమ్మా బోర్డు," అన్నాడు బుజ్జిగాడు ఎక్కిళ్ళ మధ్య. "నాన్న చదివాడు. ఫుక్కుమని నవ్వాడు."

నీళ్ళు పోస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె తల తిప్పి చూసింది. పక్కనే ఉన్న అతను రాళ్ళవైపు తిరిగి, తేలుకుట్టిన దొంగలా, చాలా శ్రద్ధగా చెట్టు వేళ్ళు పరిశీలించడం మొదలుపెట్టాడు. ఆమె మళ్ళీ నీళ్ళు పోయసాగింది.

కారు తిప్పడానికి చోటు లేదు. వెనక ఎక్కడో ఒక మలుపు దగ్గర కాస్త వెడల్పుంది. అక్కడిదాకా వెనక్కే పోవాలి, ఆ మంచులో.

"తమ్ముడూ," అన్నాడు మేనేజరు. గొంతులో మోటార్లు అమ్మే మనిషి లేడు. "నాకేం కనపట్లేదు. నువ్వు వెనక నడుస్తూ చెప్పు. నువ్వు రమ్మంటే వస్తాను, ఆగమంటే ఆగుతాను. నీ మాటే."

ఆడవాళ్ళు పిల్లల చేతులు పట్టుకుని కొండను ఆనుకుని ముందు నడిచారు. అతను కారు వెనక నిలబడి వెనక్కి వెనక్కి అడుగులు వేశాడు. "రానీ... రానీ... ఎడమకి కొయ్యి... ఆపు! ఇంకొంచెం రానీ." చెప్పిందల్లా కారు వింటోంది. జన్మలో మొదటిసారి తన మాటకి ఎదురు చెప్పకుండా మేనేజరు నడుచుకుంటున్నాడు. ఒకచోట వెనక చక్రం కింద రాయి ఒకటి చిట్లి లోయలోకి ఎగిరిపోయింది. అది కింద పడిన చప్పుడు కోసం అతను చెవులు రిక్కించాడు. వినపడలేదు. ఆ తర్వాత "రానీ" అనడం మానేసి, చేత్తో కారు డిక్కీ మీద కొడుతూ నడిపించాడు. ఆ చలిలో చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.

పెద్ద రోడ్డెక్కి నలుగురిలో పడగానే మేనేజరు ముక్కు మీదికి కళ్ళజోడు తిరిగొచ్చింది. "చూశారా పిల్లలూ! అలాంటి చోట రివర్సు తీయడం మాటలు కాదు. ఇంకొకడైతే అక్కడే కారు వదిలేసి ఏడ్చేవాడు." చిట్టి చప్పట్లు కొట్టింది. ఛీ, అనుకున్నాడు అతను. కడిగిన మొహం ఆరకముందే రంగు పూసుకునే మనిషి. ఆ అసహ్యం అతనికి ఎంతో ఊరటగా ఉంది. ఇంకో సంగతి గురించి ఆలోచించే పని తప్పింది.

కొండమీద అద్దె గదులు రెండూ చెమ్మ వాసన కొడుతున్నాయి. కిటికీలో తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. భార్య స్నానాలగదిలో కూర్చుని బుజ్జిగాడి బట్టలు, తన బట్టలు సబ్బు పెట్టి ఉతుకుతోంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు.

"అది... నేను చెబుదామనే..."

"బోర్డు కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేరు మీరు. మన పెళ్ళిచూపుల్లో కూడా మా ఇంటి నెంబరు పలకలో తప్పు చెప్పారు." ఆమె తల ఎత్తలేదు. "ఇవాళ ఒక్కరోజు నోరు రాలేదు."

"మీ అక్కకి చెబుతావా?"

"చెప్పను. మా బావ కోతలు కోస్తాడని మా అక్క సిగ్గుపడుతుంది. నేను దేనికి సిగ్గుపడాలో అక్కకి చెప్పుకోలేను." ఆమె బట్ట పిండి దులిపింది. నీళ్ళు అతని కాళ్ళ మీద పడ్డాయి. "తప్పుకోండి."

వరండాలో మేనేజరు ఒంటరిగా దుప్పటి కప్పుకుని టీ తాగుతున్నాడు. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని చేతులు చాపాడు. "చూడు, ఇంకా వణుకుతున్నాయి. పిల్లలకి చెప్పకు."

ఆ చేతులు చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. అతనికి వేయలేదు. బదులుగా ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడు చెప్పేస్తే? ఈ మనిషి తిడతాడు, మీదికొస్తాడు, లోపల ఉన్న చవకబారుతనమంతా ఒక్కసారి బయటపడుతుంది. అప్పుడు లెక్క సరిపోతుంది. భార్య కూడా చూస్తుంది.

"అన్నయ్యా, అక్కడ బోర్డు ఉంది. దారి మూసేశారని. నేను చదివాను. కావాలనే చెప్పలేదు."

మేనేజరు టీ కప్పు కింద పెట్టాడు. తర్వాత రెండు చేతులతో అతన్ని దగ్గరికి లాక్కుని కావలించుకున్నాడు. దుప్పటి, చెమట, పొద్దుటి సెంటు కలిసిన వాసన.

"నా తప్పు నీ మీద వేసుకుంటున్నావా తమ్ముడూ?"

"కాదు, నిజంగానే..."

"ఊరుకో! నీ కొడుకు ఉన్న కారుని నువ్వు తెలిసి తెలిసి అలాంటి దారిలోకి పోనిస్తావా? ఏ తండ్రైనా చేసే పనేనా అది?"

అతను నోరు తెరిచాడు. అంతలోనే మేనేజరు లేచాడు.

మేనేజరు అతని చెయ్యి పట్టుకుని లోపలికి ఈడ్చుకెళ్ళాడు. గదిలో వదిన పిల్లలకి బ్రెడ్డు మీద జాం రాస్తోంది, భార్య కోడిగుడ్లు ఒలుస్తోంది. "విన్నారా! బోర్డు చూసి కూడా నాకు చెప్పలేదంట! నా పరువు కాపాడ్డానికి తప్పంతా నెత్తిన వేసుకుంటున్నాడు. దిద్దుబాటు దిద్దుబాటు అని ఏడిపించాం గాని, బంగారంరా మనిషి!"

"అయ్యో మరిది గారూ," అంది వదిన. ఆమెకి నిజంగానే కళ్ళు చెమర్చాయి.

బుజ్జిగాడు వాళ్ళమ్మ మొహంలోకి చూశాడు. "అమ్మా, మరి నాన్న..."

"నువ్వు తిను," అని ఆమె వాడి నోట్లో గుడ్డు ముక్క పెట్టింది. తర్వాత బావగారివైపు తిరిగి, ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాద చేస్తున్నంత నెమ్మదిగా నవ్వింది. "ఆయన మంచితనం మీ అందరికీ ఇవాళ తెలిసింది బావా. నేను ఎప్పటినుంచో చూస్తూనే ఉన్నాను."

మేనేజరు సంతోషంతో అతని వీపు చరిచాడు. వదిన అతని పళ్ళెంలో అందరికంటే రెండు ముక్కలు ఎక్కువ పెట్టింది. అతనికి బాగా ఆకలిగా ఉంది. తల వంచుకుని తిన్నాడు. గోడవార చిట్టి, ఎలుగుబంటి మళ్ళీ వాళ్ళ అమ్మమ్మగారింటినుంచి ఎలా తిరిగొచ్చిందో చెప్పమని తండ్రి దుప్పటి పట్టుకుని లాగుతోంది.