తొంభైనాలుగు ఓట్లు తక్కువ

లోర్‌బెక్‌లో ఈతకొలను గేటు ఎదుట పదహారేళ్ళుగా నేను వేయించిన బంగాళాదుంపలు అమ్ముతున్నాను. కొలను ఉంటే బేరం ఉంటుంది, మూస్తే ఉండదు. మూయాలని మునిసిపాలిటీ తీర్మానించింది. వద్దన్నవాళ్ళు సంతకాలు పోగుచేసి, ఊరంతా ఓటేసి తేల్చేలా చేశారు. ఉంచాలన్నవాళ్ళు ఎక్కువైతే చాలదు. ఓటు హక్కున్న ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ మాట అనాలి. అంటే రెండువేల నాలుగువందల మంది.

గుట్టమీది తోటల ఇళ్ళవాళ్ళు ఏ ఓటూ వదలరు, వాళ్ళలో కొందరు మావైపే. మిగతావి కింది ఎనిమిదంతస్తుల మేడల నుంచి రావాలి. ఈదేది వాళ్ళ పిల్లలే కాబట్టి వస్తారనుకున్నాను. అక్కడే నా అంచనా తప్పింది.

ఓటుకు పది రోజుల ముందు, ఆ మేడల్లో ఉండే యుట్టా నా బండి దగ్గరికొచ్చింది. ఆసుపత్రిలో నేల తుడిచే పని, ముగ్గురు పిల్లలు. ఓటు కాగితం వచ్చిందా అని అడిగాను. మునిసిపాలిటీ కవరేదో వస్తే సొరుగులో పడేసిందట.

"విప్పలేదా?"

"ఆ ముద్రున్న కవర్లో మంచిమాట ఎప్పుడైనా ఉందా డెట్లెఫ్? భత్యం కోశామనో, ఇల్లు తనిఖీకి వస్తామనో ఉంటుంది. మా మెట్లదారిలో ఎవరూ విప్పరు."

పోస్టులో ఓటేసే దరఖాస్తు అందులోనే ఉందని చెప్పాను. ఆదివారం డ్యూటీ కాబట్టి అలాగే వేస్తానంది, వేసింది కూడా.

ఆ రోజు నుంచి పొట్లం చేతికిస్తూ అందరికీ అదే చెప్పాను: సొరుగు తెరవండి, కవరు పోతే ఆదివారం గుర్తింపు కార్డు పట్టుకుని ఓట్లు వేసే బడికి రండి.

"నువ్వు దుంపలు అమ్ముకోడానికి మేం క్యూలో నిలబడాలా?" అన్నాడు లిఫ్టులు బాగుచేసే హార్ట్‌మూట్.

"అవును. నా దుంపలకీ, నీ కూతురి ఈతకీ కలిపి ఒకటే క్యూ."

నవ్వాడు. ఓటు రోజున రాలేదు.

ఉంచాలన్నవాళ్ళు 2,306, మూయాలన్నవాళ్ళు 1,871. ఎక్కువమంది మావైపే, అయినా తొంభైనాలుగు తక్కువ. గుట్టమీద పదిమందిలో ఆరుగురు ఓటేశారు, కింద ఇద్దరు కూడా లేరు. తొంభైనాలుగంటే యుట్టా వాళ్ళ మేడలో సగం. కవర్లు వచ్చిన రోజే నేను అడగడం మొదలుపెట్టి ఉంటే సరిపోయేది.

సెప్టెంబరులో కొలను నీళ్ళు తీసేశారు. గుట్టమీది టెన్నిస్ మైదానం పక్కన చోటు సంపాదించాను. బండి తరలించే రోజు యుట్టా వచ్చింది.

"నువ్వూ పైకే పోతున్నావా?"

"అక్కడ ఏదీ మూతపడదు యుట్టా."

పెద్దవాడికి ఈత వచ్చేసిందనీ, చిన్నవాళ్ళిద్దరికీ ఇక రాదనీ చెప్పి పనికి వెళ్ళిపోయింది.