పండుగ మెయిళ్ల ఫోల్డర్

కెర్కిరా దీవిలో నడివీధిలో నిలబడి "స్పీరో" అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు. దీవిని కాచే పునీతుడి పేరది. ఇంట్లో ఒక్కడికైనా ఆ పేరు పెట్టకపోతే మావాళ్లకు మనసొప్పదు. డిసెంబరు పన్నెండు ఆయన పండుగ. ఆ రోజు ఆ పేరున్న ప్రతివాడికీ "నిండు నూరేళ్లు" అని చెప్పి తీరాలి. ఎదురుపడి చెప్పుకున్నన్నాళ్లూ బాగానే ఉండేది. ఇప్పుడు మెయిళ్లు పంపుతున్నారు, ఒక్కొక్కదానికీ బంగారు అంచుల పటం తగిలించి మరీ.

నిరుడు ఆ పటాల బరువుకు యెరాసిమోస్ గారి పడవల కంపెనీలో మెయిల్ సర్వర్ నిండిపోయి చతికిలబడింది. రేవు కార్యాలయం పంపిన తుపాను హెచ్చరిక లోపలికి రాలేక వెనక్కి పోయింది. యజమాని ఆఫీసంతా వినేలా ఎవాంథియాను దులిపేశాడు. అక్కడ మెయిళ్ల బాగోగులు చూసేది ఆమె ఒక్కతే మరి.

అందుకని ఈ ఏడు ముందే ఒక రూల్ రాసిపెట్టింది. "నిండు నూరేళ్లు" అన్న మాట ఎక్కడ కనపడినా ఆ మెయిల్ ఎవరికీ వెళ్లదు. విడిగా ఒక ఫోల్డర్‌లో పడుతుంది. సందడి తగ్గాక, నాలుగో రోజున, తానే మెల్లగా పంచిపెడుతుంది. తన తెలివికి తానే మురిసిపోయింది కూడా.

పదమూడో తేదీ ఉదయం కాఫీ తాగుతూ ఆ ఫోల్డర్ తెరిచింది. పన్నెండు వందల పద్దెనిమిది మెయిళ్లు. నవ్వుకుంటూ పేర్లు చూసుకుంటూ పోతున్న ఆమె ఒక పేరు దగ్గర ఆగింది. మీనాస్. పెరామాలో ఓడలు బాగుచేసే యార్డులో లోహపు ముక్కలు పరీక్షించే పెద్దాయన. మర్యాదస్థుడు. పలకరింపు లేకుండా ఉత్తరం మొదలుపెట్టడం ఆయనకు చేతకాదు.

"కెప్టెన్ స్పీరో గారికి పండుగ శుభాకాంక్షలు, నిండు నూరేళ్లు. మీరు పంపిన చుక్కాని పిన్ను పరీక్షించాను. లోపల నిలువునా పగులుంది. దాని జతది ఇప్పుడు మీ పడవలో ఉంది కదా, రెండూ ఒకే పోతలోవి. దాన్ని మార్చేదాకా అలల్లోకి వెళ్లకండి. గట్టిగా తిప్పితే విరుగుతుంది."

నిన్న పదకొండింటికి వచ్చింది. పండుగని నిన్న పడవ కదల్లేదు. ఇవాళ తొమ్మిదింటికి, పండుగ చూసుకుని ఇళ్లకు పోతున్న నలభై ముగ్గురిని ఎక్కించుకుని పాక్సీ దీవికి బయలుదేరింది. కిటికీ అవతల దక్షిణపు గాలి తలుపులను బాదుతోంది. కెప్టెన్ స్పీరో ఎవాంథియాకు తోడబుట్టిన అన్న.

ఆమె కప్పు పక్కన పెట్టి ఆ మెయిల్ మళ్లీ చదివింది. అంత భయంలోనూ ఇంకో ఆలోచన వచ్చింది. ఇప్పుడు దీన్ని అన్న మెయిల్‌బాక్సులోకి వదిలేస్తే నిన్నటి తేదీతోనే చేరుతుంది. ఆపింది ఎవరో ఎవరికీ తెలియదు. చూసుకోనిది కెప్టెనే అనుకుంటారు. ఆ ఆలోచన తనకే వచ్చినందుకు ఆమెకు సముద్రం కంటే ఎక్కువ భయం వేసింది. లేచి రేడియో గదికి పరుగెత్తింది.

సంగతి విని అక్కడున్న యెరాసిమోస్ మొహం పాలిపోయింది. వెంటనే మైకు అందుకున్నాడు.

"స్పీరో! ఎక్కడున్నావురా? చుక్కాని పిన్ను పగిలి ఉండొచ్చంట. మీనాస్ మెయిల్ పెట్టాడు."

"ఎప్పుడు పెట్టాడు?" గరగరల మధ్య అన్న గొంతు. "పొద్దున రేవు వదిలేముందు కూడా చూశానే! ఏం రాలేదు."

"ఏమో, ఇందాకే వచ్చినట్టుంది..."

ఎవాంథియా మైకు లాక్కుంది. రేవులోని ప్రతి పడవా ఆ మాటలు వింటుందని ఆమెకు తెలుసు. "నిన్ననే వచ్చిందిరా అన్నయ్యా. పండుగ మెయిళ్లతో కలిపి నేనే ఆపేశాను. తప్పు నాది."



"సరే," అన్నాడు స్పీరో. "తిట్లు తర్వాత. ఈ అలల్లో వెనక్కి తిప్పితే ఇక్కడే విరుగుద్ది. తిన్నగా మెల్లగా పోతా. పాక్సీలో గేయోస్ రేవు ముందు ఆ వంపు ఒక్కటే భయం."

"ఆ కొండ దాటితే రేడియో అందదు కదరా!"

"అందదు. ఫోన్ టవరు కూడా రాత్రే పడిపోయిందంట. పడవలో శాటిలైట్ మెయిల్ ఉందిగా. కట్టేయగానే రాస్తా. ఏడవకు, ఎవా."

తీర గస్తీవాళ్లు పడవ పంపారు, కానీ అది చేరేసరికి మధ్యాహ్నం అవుతుందట. ఎవాంథియా తన కుర్చీలో కూర్చుని ఇన్‌బాక్సు తెరిచింది. వెనక యెరాసిమోస్ నిలబడ్డాడు. వంపు చేరేది పదింపావుకు. పదిన్నర అయింది. ఏమీ రాలేదు. సర్వర్ నడుస్తోందా అని మూడుసార్లు చూసింది. నడుస్తోంది. పదీ యాభై. తనకు తానే ఒక మెయిల్ పంపుకుని చూసింది. చిటికెలో వచ్చింది. తప్పు సర్వర్‌లో లేదంటే ఇక తప్పు సముద్రంలోనే. పదకొండు దాటింది. ఎవరి చేతిలోనైనా లైఫ్ జాకెట్ ఉండి ఉంటుందా, పిల్లలెంతమంది ఎక్కారు, వదినకు ఏమని చెప్పాలి?

"ఇంకో పది నిమిషాలు చూద్దాం అమ్మాయ్," అన్నాడు యెరాసిమోస్. ఆయన గొంతులోనూ నమ్మకం లేదు.

"దీన్ని తీసేస్తానండీ," అంది ఎవాంథియా. ఆ రూల్‌ను ఇంకొక్క క్షణం కూడా బతకనివ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది. పండుగ ఫోల్డర్ తెరిచింది. పన్నెండు వందల పంతొమ్మిది.

అన్నిటికంటే పైన, పడవ నుంచి వచ్చిన మెయిల్ ఉంది.

"గేయోస్ రేవులో కట్టేశాం. పిన్ను విరగలేదు, నా నడుమే విరిగింది. నలభై ముగ్గురూ దిగారు. ఇంటికొచ్చాక నీ పని చెప్తా. అప్పటిదాకా నీకూ నిండు నూరేళ్లు, చెల్లీ. దీన్ని కూడా ఆపేయకు."

వచ్చిన సమయం పది ముప్పై నాలుగు. గోడ గడియారంలో పదకొండూ ఇరవై.

"ఏమైందమ్మాయ్? ఏం రాశాడు?" యెరాసిమోస్ ముందుకు వంగాడు.

ఎవాంథియా తెర ఆయన వైపు తిప్పి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"నలభై ఆరు నిమిషాలు ఆపానండీ," అంది.