రెండో కేబుల్

తెగిన కేబుళ్లు అతికే జాయింటరు బండి దిగేసరికి ప్రొక్లెయిన్ బకెట్ ఇంకా గోతిలోనే ఉంది. ఇంజను ఆపలేదు. అద్దం వెనక కూర్చున్నవాణ్ణి చూడగానే జాయింటరు మొహం ముడుచుకుంది. తోడల్లుడు. తన భార్య సొంత చెల్లెలి మొగుడు.

ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. అత్తగారింట్లో అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, "మట్టి తవ్వడానికి బుర్రెందుకు, బకెట్ ఉంటే చాలదూ" అన్నాడు జాయింటరు. నవ్వులాటకే అన్నాడు. అవతలివాడు కంచం ముందు నుంచి లేచిపోయాడు. అప్పటినుంచి ఎడమొహం పెడమొహం. ఏదైనా చెప్పాలంటే అక్కాచెల్లెళ్ల ద్వారానే.

ఇక్కడ అక్కాచెల్లెళ్లు లేరు. రోడ్డు మీద బళ్లను ఆపుతున్న జెండా మనిషి ఒక్కడే ఉన్నాడు.

"ఎక్కడ తవ్వమంటే ఎక్కడ తవ్వాడో కనుక్కో," అన్నాడు జాయింటరు అతనితో.

జెండా మనిషి తల పైకెత్తాడు. "ఎక్కడ తవ్వమంటే ఎక్కడ..."

"కేబుల్ ఉందని గీత గీసిన చోటికి బారెడు ఇవతలే తవ్వానని చెప్పు," అన్నాడు ఆపరేటరు కిటికీలోంచి. "గీత తప్పుగా గీసింది వాళ్ల కంపెనీవాళ్లే. అదీ చెప్పు."

"వాళ్ల కంపెనీవాళ్లే..."

"నాకు చెవుడు లేదు," అన్నాడు జాయింటరు.

"ఇద్దరికీ లేదుగా! మరి మధ్యలో నేనెందుకండీ? నాకు కూలి ఇచ్చేది జెండా ఊపడానికి. రాయబారాలకు కాదు."

జాయింటరు గోతి అంచున గొంతుక్కూర్చున్నాడు. ఒకదాని పక్కన ఒకటి రెండు ప్లాస్టిక్ గొట్టాలు చీలిపోయి ఉన్నాయి. మొదటి గొట్టంలోని కేబుల్ తెగింది. తెగిన కొస నుంచి గాజు పోగులు, వెంట్రుకకన్నా సన్ననివి, బయటికి వచ్చి ఎండకు మెరుస్తున్నాయి. అది అతనికి కొత్త కాదు. కొత్తది రెండోది. అది తెగలేదు. బకెట్ పళ్లలో రెండింటి మధ్య ఇరుక్కుని, కిందనున్న రాతి అంచు మీద మోచెయ్యిలా వంగి ఉంది. బకెట్ పైకి లేస్తే కేబుల్ను లాగేస్తుంది. కిందికి దిగితే రాతికేసి నలిపేస్తుంది. ఆపరేటరు ఆ సంగతి కనిపెట్టాడు కాబట్టే ఎత్తకుండా, దించకుండా లివరు పట్టుకుని కూర్చున్నాడు.

గోతి మూలన పగిలిన నీళ్ల పైపు నుంచి సన్నగా ధార కారుతోంది. ఆ నీళ్లు నేరుగా యంత్రం కిందికే పోతున్నాయి.

జేబులో ఫోన్ మోగింది. సూపర్‌వైజరు.

"మొదటిది పోయిందని తెలుసు. అందులో పోయే కాల్స్ అన్నీ వాటంతటవే రెండోదాని మీదికి మారాయి. రెండోదాన్ని మాత్రం ముట్టుకోకు."

"ముట్టుకోకపోతే పోతుందండీ. బకెట్ పళ్లలో ఉంది."



"విను," అన్నాడు సూపర్‌వైజరు. గొంతు మారింది. "అంబులెన్సు ఆఫీసు పెద్దావిడ ఇప్పుడే చేసింది. కొండ మీద ఎవరింట్లోనో చిన్నపిల్ల నీళ్ల తొట్టిలో పడిందట. తీశారు గానీ ఊపిరి లేదు. ఇంట్లో తల్లి ఒక్కతే ఉంది. ఎలా నొక్కాలో, ఎప్పుడు ఊదాలో ఫోన్లో చెప్పి చేయిస్తున్నారు. అంబులెన్సు ఇంకా దారిలోనే ఉంది. ఆ కాల్ నీ ముందున్న కేబుల్లోంచే పోతోంది."

జాయింటరు కేబుల్ వంక చూశాడు. నల్లగా, బురద పట్టి, బొటనవేలంత లావు.

"చెబుతున్నదెవరో తెలుసా? అక్కడ పనిచేసే మీ మరదలే."

జాయింటరు అద్దం వెనకనున్నవాడి వైపు చూడబోయి, ఆగిపోయాడు.

"ఇక్కడ మీటరులో వెలుగు తగ్గుతోంది," అన్నాడు సూపర్‌వైజరు. "నువ్వేం చేస్తున్నావు?"

"నేనేం చేయలేదు. యంత్రం కుంగుతోంది."

నిజంగానే కుంగుతోంది. గోతివైపు యంత్రపు గొలుసు పట్టా కింద మట్టి పిండిలా నాని, ముద్దలు ముద్దలుగా జారుతోంది. కేబుల్ కొంచెం వంగితే కాల్‌ను మోసే లోపలి వెలుగు కొంచెం కారిపోతుంది. ఇంకా వంగితే ఇంకా కారుతుంది. ఆ తర్వాత గాజు విరుగుతుంది. మొదటిదాన్ని అతికేదాకా ఆగడానికి వ్యవధి లేదు. బకెట్ కింద దిమ్మలు పెట్టినా, కుంగుతున్నది బకెట్ కాదు, మొత్తం యంత్రం.

కేబుల్కు వదులు కావాలి. అదొక్కటే దారి.

కేబుల్ పాతేటప్పుడు దారిలోని ప్రతి చాంబరు గుంటలోనూ కొన్ని చుట్లు అదనంగా చుట్టి వదిలేస్తారు, ఇలాంటి రోజు వస్తుందనే. పై మలుపు దగ్గర చాంబరు ఉండాలి. జాయింటరు బండిలోంచి గడ్డపార లాగి పరిగెత్తాడు. మూత కనపడలేదు. రోడ్డు వేసినవాళ్లు దాని మీదే తారు పోసేశారు. గడ్డపారతో పొడుస్తూ పోతే ఒకచోట శబ్దం డొల్లగా వచ్చింది. జెండా మనిషి జెండా పారేసి వచ్చి రెండో పక్క పట్టాడు. ఇద్దరూ బూతులు తిట్టుకుంటూ మూత లేపారు. లోపల చుట్టలున్నాయి.

"నువ్విక్కడే ఉండు. చుట్ట విప్పి గొట్టంలోకి తోస్తూ ఉండు. ఆపమనేదాకా ఆపకు."

"మరి అటునుంచి లాగేదెవరండీ?"

జాయింటరు గోతివైపు చూశాడు. లాగాలంటే బకెట్ కిందికి దూరాలి.

వెనక్కి వచ్చి యంత్రం పక్కన నిలబడ్డాడు. చెబితే వాడి చెయ్యి వణుకుతుందేమో. చెప్పకపోతే, విసిగిపోయి ఏదో ఒకటి కానిమ్మని లివరు కదుపుతాడేమో. ఒక్క క్షణం తటపటాయించాడు.

"తమ్ముడూ," అన్నాడు.

ఆపరేటరు ఉలిక్కిపడలేదు. చెయ్యి మాత్రం లివరు మీద ఇంకా గట్టిగా బిగిసింది.

"మీ ఆవిడ ఒక కాల్ మీద ఉంది. నీళ్లలో పడిన చిన్నపిల్ల. ఊపిరి లేదట. ఆ కాల్ ఈ కేబుల్లోనే ఉంది."

ఆపరేటరు బకెట్ మీంచి చూపు తిప్పలేదు.

"ఇంతకుముందొకసారి దాని కాల్ మధ్యలో తెగిపోయిందన్నయ్యా," అన్నాడు. "వారం రోజులు ఇంట్లో ఊరికే ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకునేది. ఎవరే అంటే, ఎవరైనా ఉన్నారేమోనని, అనేది."

"నేను కిందికి దిగుతున్నా."

"వద్దు. మట్టి ఆగదు."

"ఆగదనే దిగుతున్నా. నువ్వు బకెట్ను ఆపు."

"నా చేతిలో ఏముందన్నయ్యా! బండే జారిపోతుంటే..."

"అది జారినంత నువ్వెత్తు. అంతకన్నా వద్దు, అంతకన్నా తక్కువా వద్దు. నీకు తెలీదా, నేను చెప్పాలా?"

ఫోన్ను చొక్కా జేబులో, స్పీకరు పెట్టి వేసుకుని, జాయింటరు గోతిలోకి జారాడు. చల్లటి బురద మోకాళ్ల దాకా వచ్చింది. బకెట్ కిందికి వంగాడు. ఇనుము, గ్రీజు వాసన. వీపు మీద బకెట్ నీడ పడింది. రెండు చేతులతో కేబుల్ను పట్టుకుని తనవైపు లాగాడు. రాలేదు.

"తగ్గుతోంది," అంది జేబులోంచి సూపర్‌వైజరు గొంతు.

మళ్లీ లాగాడు. గొట్టంలో ఒండ్రు పేరుకుంది. కేబుల్ వేలెడు కదిలి ఆగింది.

"తగ్గుతోందయ్యా!"

"నాకు తెలుసు, నోరు ముయ్యండి," అన్నాడు జాయింటరు. సూపర్‌వైజరును అలా అనడం అతనికి అదే మొదటిసారి. ఆ సంగతి అప్పుడు తోచలేదు.

పైన ఏదో మెత్తగా కూలిన చప్పుడు. గొలుసు పట్టా కింద మట్టి పెద్ద పెళ్లగా జారింది. యంత్రం ఒక పక్కకు ఒరిగింది. బకెట్ అంచు వచ్చి అతని వీపుకు తగిలి, ఆగింది. నొక్కలేదు. కేబుల్ చేతుల్లో తీగలా బిగుసుకుని, మళ్లీ ఇందాకటి బిగువుకే వచ్చింది. ఇంజను చప్పుడు సన్నగా పెరిగి తగ్గింది. పైన ఉన్నవాడు, యంత్రం దిగినంత బకెట్‌ను లివరుతో ఎత్తాడు. చొక్కాకు గ్రీజు అంటిందే తప్ప చర్మం గీసుకోలేదు.

"అన్నయ్యా!"

"ఉన్నా. ఉన్నా. కదపకు."

చాంబరు వైపు నుంచి జెండా మనిషి ఏదో అరిచాడు. అప్పుడు కేబుల్ ఒక్కసారిగా వదులైంది. బారెడు వచ్చింది. ఇంకో బారెడు. జాయింటరు ఆ వదులును బకెట్ పంటి మీదికి తోసి, వంపును అరచేత్తో పట్టుకుని పక్కకు జరిపాడు. కేబుల్ పళ్ల మధ్య నుంచి జారి నీళ్లలో పడింది.

"ఎత్తు!"

బకెట్ లేచింది. యంత్రం వెనక్కి వెనక్కి వెళ్లి గట్టి నేల మీద ఆగింది.

జాయింటరు పైకెక్కి రోడ్డు మీదే కూలబడ్డాడు. జేబులోని గొంతు అంది: "కాల్ ఆగింది."

"తెగిందా?"

"లేదు లేదు. వెలుగు బాగానే ఉంది. వాళ్లే పెట్టేశారు."

"పిల్ల?"

"తెలీదు. ముందు మొదటిదాని సంగతి చూడు."

చూడాలి. రెండోది బతికినా దెబ్బతిన్న ప్రాణమే. మొదటిది లేచేదాకా దాన్ని నమ్మలేం. జాయింటరు టార్పాలిన్ పట్టా కప్పిన బండి వెనక భాగంలో సామాను పరిచి, కేబుల్ కొసలు ఒలిచి, పోగులు తుడవడం మొదలుపెట్టాడు. ఆపరేటరు దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు.  గాలికి పట్టా ఎగురుతుంటే దాని కొస పట్టుకున్నాడు.

అతని ఫోన్ మోగింది. పేరు చూసి, పట్టా వదలకుండానే స్పీకరు నొక్కేశాడు.

"ఏడ్చిందండీ," అంది అతని భార్య.  "మొదట దగ్గింది. తర్వాత ఏడ్చింది. అంబులెన్సువాళ్లు వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది, తల్లి ఫోన్ పక్కన పెట్టేసింది, నేను ఊరికే ఆ ఏడుపు వింటూ కూర్చున్నా." ముక్కు చీదిన చప్పుడైంది. "మధ్యలో రెండుసార్లు మాట ఆగిపోయిందండీ. నా ప్రాణాలు పోయాయి. ఎవడో దరిద్రుడు కేబుల్ తెంపాడట. వాడి చేతులు..."

"నేనే," అన్నాడు ఆపరేటరు.



"మీరా?"

"ఆఁ."

"ఇంటికి రండి, చెబుతా," అంది ఆవిడ. ఆ వెంటనే, "దెబ్బలేం తగల్లేదు కదా?" అంది.

జాయింటరు తల ఎత్తలేదు. మొదటి రెండు పోగుల కొసలను అతికే చిన్న యంత్రంలో ఎదురెదురుగా పెట్టి మూత వేశాడు. చిన్న తెర మీద రెండు గాజు గీతలు దగ్గరకు వచ్చి, మెరిసి, ఒక్కటయ్యాయి. మూత తీసి పోగును పైకెత్తి, అలాగే ఆగిపోయాడు.

"ఏమైందన్నయ్యా? అతకలేదా?"

"అతికింది."

"మరి?"

అతుకు విరక్కుండా దాని మీదికి జరపాల్సిన సన్న గొట్టం ఇంకా సామాను మధ్యే ఉంది. కొసలు కలపకముందే పోగుకు ఎక్కించాలి. కలిశాక ఇక ఎక్కదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మొదటి రోజు చేసే తప్పు అది.

జాయింటరు బాగా అతికిన పోగును పుటుక్కున తుంచి, గొట్టం ఎక్కించి, మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"పట్టా సరిగ్గా పట్టుకో, తమ్ముడూ," అన్నాడు. "దుమ్ము పడుతోంది."